కార్డు వెనకాల పద్నాలుగు గెలుపులు

"మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎక్కడున్నారు?" నాలుగోసారి అడిగాను.

"చెప్పాను కదోయ్. బెర్నడీన్ హోటల్లో. రేడియో పక్కన స్టూలు మీద."

"రేడియోలో ఆట మొదలై మొదటి బంతి పడేసరికే అక్కడున్నారా?"

"ఉన్నాను."

"బెర్నడీన్ అలా చెప్పడం లేదు. మీరు లోపలికొచ్చేసరికి రేడియోలో రెండో ఇన్నింగ్స్ నడుస్తోందట. అంటే ఇంచుమించు ఒంటిగంట. లాయిడ్ కొట్టు నుంచి హోటలుకి అయిదు నిమిషాల నడక. పన్నెండింటికి కొట్లోంచి బయటపడ్డానన్న మనిషి ఒంటిగంట దాకా ఏ రాచకార్యాలు చక్కబెట్టాడు?"

"నా మోకాలు..."

"మీ మోకాలు కోర్టులో సాక్ష్యం చెప్పదు!" నా ఆఫీసు బల్ల మీద ఒక్కటి చరిచాను. కాఫీ ఒలికి కాగితాల మీద పడింది. లియో గ్రబెక్ కదల్లేదు. వెడల్పాటి అరచేతులు ఒళ్ళో పెట్టుకుని నావంక చూస్తూ కూర్చున్నాడు.

పాత బేస్‌బాల్ కార్డులమ్మే లాయిడ్ ఫెనర్‌ని మొన్న మంగళవారం మధ్యాహ్నం అతని కొట్లోనే ఎవరో చంపేశారు. పుస్తకాలు పడిపోకుండా పెట్టుకునే ఇత్తడి దిమ్మతో తల మీద ఒక్కటే దెబ్బ. శవాన్ని ఒక బేరగాడు చూసింది పన్నెండూ నలభైకి. ఆ ఉదయం కొట్టుకి వచ్చిన ఆఖరి మనిషి ఈ లియో. కార్డుల మీద సంతకాలు పెట్టడానికని లాయిడే పిలిపించాడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా అరెస్టు కాగితం వస్తుందని లెఫ్టినెంట్ మెకార్డల్ పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులో సంబరం.

నా కోపం ముసలాయన మీద కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు గోల్డ్‌రిడ్జ్ బ్రెడ్డు పొట్లానికొక ఆటగాడి బొమ్మ కార్డు వచ్చేది. లియో గ్రబెక్ పెద్ద లీగులో ఆడింది 1951లో ఒక్క సంవత్సరం. పంతొమ్మిది ఆటల్లో బంతి వేశాడు; ఈ ఆటలో గెలుపు బంతి వేసినవాడి లెక్కలోనే పడుతుంది. ఆయన కార్డుని బట్టల క్లిప్పుతో సైకిలు చక్రానికి తగిలించి, మోటారు సైకిలులా టపటపలాడించుకుంటూ యంగ్స్‌టౌన్ వీధులన్నీ తిరిగాను. ఇవాళ ఆ కార్డు ఖరీదు పదకొండు వేల డాలర్లు. మిగిలినవి తొమ్మిదో పదో. నాలాంటి వెధవలంతా చక్రాలకి తగిలించి చింపేస్తే మరి మిగలవు. ఆ కార్డు మీది బొమ్మని మెత్తటి గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో దాచుకుంటారు. ఆ బొమ్మలోని మనిషి లాండ్రీ వెనక గదిలో డబ్బా సూపు వేడి చేసుకుని తాగుతున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. ప్రైవేటు డిటెక్టివ్‌నై ఉండి పైసా ఫీజు లేకుండా ఈ కేసు తీసుకుంది ఆ మంటతోనే.

"లాయిడ్‌తో గొడవెందుకు పడ్డారు?" గొంతు తగ్గించి అడిగాను. "పక్కన చెప్పులు బాగుచేసే పాపస్ పన్నెండూ పదికి మీ కేక విన్నాడు. 'అవి నావి! అవి నావి!' అని అరిచారట."

"అవును, అరిచాను. నా మొహాలు వాడు అమ్ముకుంటుంటే కడుపు రగలదా? ఒక్క కార్డు ఉంచుకోనివ్వరా అన్నాను. నవ్వాడు."

"మరి పన్నెండింటికే వచ్చేశానన్నారు?"

"నాకు గడియారం లేదబ్బాయ్."

సరే, ముసలితనం అనుకున్నాను. కాస్త కుదుటపడతాడని మాట మార్చాను. "డాన్‌విల్ జట్టు సంగతి చెప్పండి. పెద్ద లీగుకి రాకముందు, పంతొమ్మిది వందల నలభై ఎనిమిది. పద్నాలుగు ఆటలు గెలిచిన సంవత్సరం."

ఆయన మొహంలోకి ఒక్కసారి రక్తం వచ్చింది. "పద్నాలుగోది ఆఖరి రోజున. పొద్దుటి నుంచి వాన. మట్టి మోకాళ్ళ దాకా. చూపుడు వేలి మీద ఇంత బొబ్బ. ఊరగాయ జాడీలో నీళ్ళున్నాయి చూడు, ఆ ఉప్పునీళ్ళలో రాత్రంతా వేలు ముంచి కూర్చున్నాను, తోలు గట్టిపడుతుందని. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు బేసుల మీదా అవతలి జట్టువాళ్ళు ముగ్గురు నిలబడ్డారు. నా వేలు చిట్లి బంతి మీద ఎర్రగా పడింది. అంపైరు బంతి మార్చమన్నాడు. నా నెత్తురేగా, ఉండనీ అన్నాను. వేశాను. బ్యాటు పట్టినవాడు గాల్లోనే ఊపాడు."

నేను చిన్న లీగుల్లో ఆరేళ్ళు బంతి పట్టే క్యాచర్‌ని. నా కుడిచేతి వేళ్ళలో తిన్నగా ఉన్నది ఒక్కటీ లేదు. ఆట గురించి గొప్పలు పోయేవాళ్ళని ఎంతమందినో చూశాను. ఈయన చెప్పింది అచ్చంగా జరిగిన సంగతి. దాని మీద నా తల పందెం కాసేవాణ్ణి.

"ఒక మంచి కబురుంది. మీ చెల్లెలు దొరికింది," అన్నాను. "స్క్రాంటన్‌లో. వాండా. నిన్న ఫోన్లో మాట్లాడాను. మీ నడవడి గురించి జడ్జి ముందు చెప్పడానికి వస్తోంది. మూడూ పదికి బస్సు."

లియో బల్ల అంచు పట్టుకున్నాడు.

"వాండా... బతికే ఉందా?"

"అరవై ఎనిమిదేళ్ళట. రెండు కళ్ళకీ పొరలొచ్చాయి, మనిషి సగమే కనబడతాడట. ఇరవయ్యేడేళ్ళయిపోయింది, ఒక్కసారి అన్నయ్య గొంతు వింటే చాలు అంటూ ఏడ్చింది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబురుమాలు తీసి తుడుచుకుని లేచాడు. "ఆమెను నేనే తీసుకొస్తాను. ఇంతకాలం తర్వాత పరాయి మనిషి ఎదురెళితే ఏం బావుంటుంది? నీ కారు తాళం ఇలా ఇవ్వబ్బాయ్."

ఇచ్చాను. చేతులారా, గుండె కరిగి మరీ ఇచ్చాను.

రెండయ్యేసరికి నేను లాయిడ్ కొట్టు గుమ్మంలో ఉన్నాను. మెకార్డల్ అడ్డంగా నిలబడ్డాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. నేను పోలీసుగా ఉన్నప్పుడు మేమిద్దరం ఒకే స్టేషన్లో ఏడేళ్ళు పనిచేశాం. ఒకరి టీలో ఒకరం చక్కెర కూడా కలపం.

"నీకిక్కడేం పని, బరానిక్?"

"నువ్వు చూడకుండా వదిలేసినవి చూద్దామని."

"ముద్దాయిని ఎక్కడ దాచావ్?"

"దాచలేదు. చెల్లెల్ని తీసుకురావడానికి బస్‌స్టాండుకి వెళ్ళాడు. నాలుగింటికి నా ఆఫీసులో ఉంటాడు. పూచీ నాది."

"నీ పూచీ!" మెకార్డల్ నవ్వాడు. "నువ్వు డిటెక్టివ్‌వి కాదురా, అభిమానివి. చిన్నప్పుడు మంచం కింద దాచుకున్న బొమ్మ లేచొచ్చి ఎదురుగా కూర్చుంటే నోట మాట రాని రకం."

"నువ్వు మంచం కింద ఏం దాచుకున్నావో? పక్కింటివాళ్ళ మీద రాసిన పితూరీలా?"

ఒక కానిస్టేబుల్ దగ్గు నటించాడు. మెకార్డల్ మెడ ఎర్రబడింది. జేబులోంచి కాగితం లాగి నా ముక్కు ముందు ఊపాడు.

"ఇది చదువు. మొన్న స్టేషన్లో నీ దేవుడు స్వయంగా రాసిచ్చాడు. వయసు అరవై ఏడు. పుట్టిన తేదీ కార్డు వెనక అచ్చయినదే, పొల్లు పోకుండా. ఆ చెల్లెలితో పొద్దున నేనూ మాట్లాడాను. ఆవిడకి అరవై ఎనిమిది. లియో తనకన్నా రెండేళ్ళు పెద్ద అంటోంది. చెల్లెలికన్నా ఏడాది చిన్నవాడైన అన్నయ్యని నేనెక్కడా చూళ్ళేదు. నువ్వు చూశావా?"

నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఏనాడైనా బంతి ముట్టుకున్న మొహమైతే ఈ మాట అడగవు. దాన్ని ఆటగాడి వయసంటారు. పాతికేళ్ళవాడంటే ఎంపిక చేసేవాళ్ళు మొహం కూడా చూడరు. ఇరవై రెండంటే బస్సు ఛార్జీ ఇచ్చి మరీ రమ్మంటారు. అందుకని ప్రతివాడూ రెండో మూడో కోస్తాడు. నేనూ రెండు కోశాను. ఒకసారి కార్డు మీద పడిందంటే చచ్చేదాకా అదే వయసు."

"పోలీసుల కాగితం మీద కూడానా? హత్య కేసులోనా?"

"అలవాటురా బాబూ, అలవాటు! నీకు తెలియని సంగతుల్లో వేలెందుకు పెడతావ్?"

కానిస్టేబుళ్ళిద్దరూ ఈసారి దాచుకోకుండానే నవ్వారు. మెకార్డల్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్కకి జరిగాడు. "చూసి తగలడు. మూడుంబావుకి తాళం వేసేస్తాను."

కొట్టు చిన్నది. గాజు బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడుగునా అలమర. బల్ల మీద రెండు కాఫీ కప్పులు, రెండూ అడుగంటా తాగినవి. వచ్చినవాడు కూర్చుని తీరిగ్గా తాగాడన్నమాట. గుమ్మంలోంచి దూసుకొచ్చి కొట్టి పారిపోయిన దొంగ కాడు.

"లియో గ్రబెక్ కార్డు ఏది?"

"స్టేషన్లో భద్రంగా ఉంది. ఇదిగో, దొరికినప్పటి ఫొటో."

చూశాను. నాలుగు మూలలా మరలు బిగించే దళసరి ప్లాస్టిక్ పెట్టె, తెరిచి ఉంది. నాలుగు మరలూ కాఫీ సాసరులో జాగ్రత్తగా వేసి ఉన్నాయి. పక్కన పిల్లలు వాడేంత స్క్రూడ్రైవరు. కార్డు గాజు బల్ల మీద బోర్లా పడి ఉంది.

"పదకొండు వేల కార్డు కళ్ళెదుట పెట్టుకుని దొంగ వదిలేసి పోయాడా?" అన్నాను.

"కంగారుపడ్డాడు."

"నాలుగు మరలూ విప్పి సాసరులో వేసినవాడికి కంగారెక్కడిది? విప్పింది లాయిడ్. ఈ వ్యాపారం చేసేవాడు ఇలాంటి కార్డుని చచ్చినా బయటికి తియ్యడు. మూల కాస్త నలిగితే సగం ఖరీదు పోతుంది. అలాంటివాడు తీశాడు. తీసి, మొహం కిందికి పెట్టాడు. వాళ్ళిద్దరూ కార్డు వెనకవైపు చదువుతున్నారు."

మెకార్డల్ మొదటిసారి ఎగతాళి మానేశాడు. "వెనకేముంది?"

అది నాకు కంఠతా వచ్చు. "పుట్టిన తేదీ, ఎత్తు, బరువు. కింద ఏ ఊళ్ళో ఏ సంవత్సరం ఎన్ని ఆటలు గెలిచాడో. 1948, డాన్‌విల్, పద్నాలుగు గెలుపులు, ఆరు ఓటములు."

"అందులో కొట్టుకు చచ్చేంత ఏముంది?"

నాకూ తెలియలేదు. అలమర వైపు తిరిగాను. ఖరీదైన కార్డుల అరలన్నీ పోలీసులు తిరగేసి, ముద్రలు వేసి ఉన్నాయి. అట్టడుగు అరలో, పాత పత్రికల వెనక, అట్ట ఊడిపోయిన ఆల్బమ్ ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది.

"అది చూశాం. చెత్త. మూలలు నలిగినవి, గీతలు గీసినవి. వంద డాలర్లు కూడా చెయ్యవు," అన్నాడు కానిస్టేబుల్.

"అందుకే చూడలేదన్నమాట."

అది లాయిడ్ చిన్ననాటి ఆల్బమ్. ఒక ఆటగాడికి పెన్సిలుతో మీసాలు. వేరే జట్టుకి అమ్ముడుపోయినవాళ్ళ కార్డుల మీద పాత జట్టు పేరు కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. మేమంతా అలాగే రాసేవాళ్ళం. ఇంకో పని కూడా చేసేవాళ్ళం. నచ్చిన ఆటగాడికి ఉత్తరం రాసి, స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టి పంపేవాళ్ళం. నూటికొకడు జవాబు రాసేవాడు. ఆ జవాబుని ఏ కుర్రాడైనా ఆ ఆటగాడి కార్డు వెనకే దాస్తాడు.

లియో గ్రబెక్ జేబు ఖాళీగా ఉంది. అందులోని కార్డే పెద్దయ్యాక ప్లాస్టిక్ పెట్టెలోకి మారింది. జేబు వెనక వేలు పెట్టాను. నాలుగు మడతల కాగితం తగిలింది. 1953, స్క్రాంటన్. వంకరటింకర రాత.

"లాయిడ్ బాబూ, నీ కార్డు చూశాను, సంతోషం. సంతకం కార్డు మీద పెడితే సిరా పాకి పాడవుతుంది, అందుకని ఈ ఉత్తరం మీదే పెడుతున్నాను. ఒక్క నిజం చెప్పాలి. వెనక వేసిన 1948 లెక్క నాది కాదు. ఆ ఏడు రెండో వారంలోనే నా మోచెయ్యి పోయింది. వేసవంతా ఆసుపత్రిలో ఉన్నాను. ఒక్క ఆటా గెలవలేదు. డాన్‌విల్‌లో నా గదిలో ఉన్న రే స్టోల్బా అంకెలు తెచ్చి నా పేరు కింద అచ్చేశారు. దిద్దమని బ్రెడ్డు కంపెనీకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. బంతి వెయ్యడంలో రే నాకన్నా మంచి పిచ్చర్. వేలికి బొబ్బలొస్తే రాత్రంతా ఊరగాయ నీళ్ళలో ముంచుకుని, పొద్దున్నే మళ్ళీ బంతి పట్టేవాడు. పెద్ద లీగు వాణ్ణి పిలవలేదు. వాడి పేరుతో కార్డూ రాలేదు. నా కార్డు చూసిన రోజు నవ్వాడు. ఆ తర్వాత ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. పుట్టిన తేదీ కూడా అబద్ధమే, కానీ అది నేనాడిన అబద్ధం. మూడేళ్ళు తగ్గించాను. నాకన్నా చిన్నవాడివైపోయావు అన్నయ్యా అని మా వాండా ఇప్పటికీ ఏడిపిస్తుంది. కార్డు వెనక రాసిందల్లా నమ్మకు. — లియో గ్రబెక్."

చివరిదాకా చదివి మళ్ళీ ఆ బొబ్బల వాక్యం దగ్గరికే వెళ్ళాను. ఊరగాయ నీళ్ళు. నెత్తురంటిన బంతి. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ పద్నాలుగు గెలుపులూ నిజంగా ఆ ముసలివాడివే. లియో అన్న పేరే వాడిది కాదు.

ఈ ఉత్తరం గుర్తున్న లాయిడ్‌కి అనుమానం వచ్చింది. కాఫీ పోసి, కార్డు విప్పి, వెనకవైపు పెట్టి 1948 గురించి అడిగాడు. నావి కావు, పొరపాటున పడ్డాయి అని ఒక్క మాటంటే చాలు, వాడు నమ్మేవాడు, కార్డుల మీద సంతకాలు పెట్టించుకుని పంపించేవాడు. కానీ రే స్టోల్బా అన్నీ వదులుకోగలడు, ఆ పద్నాలుగు తప్ప. అవి నావి, అవి నావి అని అరిచాడు. లాయిడ్ చెయ్యి ఉత్తరం కోసం అలమర వైపు వెళ్ళి ఉంటుంది. తల తిప్పాడు. ఇత్తడి దిమ్మ పడింది.

ఒళ్ళంతా మండిపోయింది. వాడి మీద, ఒక మనిషి కష్టాన్ని ఇంకొకడి వీపు మీద అచ్చేసి జవాబైనా ఇవ్వని ఆ బ్రెడ్డు కంపెనీ మీద, అన్నిటికన్నా నా మీద. కార్డు మీది పుట్టిన తేదీ తప్ప అసలుది వాడికి తెలియదు, అందుకే అదే రాసిచ్చాడు. బంతి ఎరగని మెకార్డల్ వేళ్ళ మీద లెక్కపెట్టి పట్టేసిన తప్పుని, ఆట తెలిసిన నేను నవ్వి కొట్టిపారేశాను. తెలిసినవాణ్ణన్న పొగరు నా కళ్ళు మూసింది.

ఉత్తరం మెకార్డల్ చేతిలో పెట్టాను. పెదాలు కదుపుతూ చదివాడు. చదివి తలెత్తాడు.

"అయితే అసలు లియో ఏమయ్యాడు?"

"తెలీదు. కానీ ఈ ముసలివాడు లియో కాడని గొంతు విని చెప్పగల మనిషి భూమ్మీద ఒక్కరే ఉన్నారు."

గోడ గడియారంలో మూడూ అయిదు. బస్సు రావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. లాయిడ్ ఫోను లాక్కుని బస్‌స్టాండుకి తిప్పాను. పదకొండుసార్లు మోగాక ఒక ఆడగొంతు పలికింది.

"స్క్రాంటన్ బస్సా? ఇవాళ పావుగంట ముందే వచ్చేసింది సార్."

"అందులో ఒక పెద్దావిడ, కళ్ళు సరిగ్గా కనిపించవు..."

"నల్లద్దాలు పెట్టుకున్నావిడేగా? పాపం, మా అన్నయ్య వస్తాడు, మా అన్నయ్య వస్తాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. నల్ల బ్యూక్ కారులో వచ్చాడాయన. వాండా అని పిలిచాడు. ఆవిడ తల వంచి కాసేపు అలాగే విన్నది. గొంతు మారిపోయిందేమిటి అన్నయ్యా అంది."

"అప్పుడు?"

"ముసలాణ్ణయిపోయాను కదమ్మా అన్నాడు. ఆవిడ ఇంకేదో అడగబోయింది. పెట్టె అందుకుని, మోచెయ్యి పట్టుకుని కారెక్కించేశాడు. కొంచెం గట్టిగానే పట్టుకున్నాడు సార్, నాకు నచ్చలేదు."

"ఎంతసేపయింది? ఎటు వెళ్ళారు?"

"అయిదారు నిమిషాలు. ఎడమకి తిరిగారు. మూసేసిన ఉక్కు మిల్లుల వైపు."

నా ఆఫీసు కుడివైపు.

ఫోను పెట్టేసి, నల్ల బ్యూక్, మిల్లుల వైపు అని అరుస్తూ బయటికి పరిగెత్తాను. మెకార్డల్ అప్పటికే వాకిట్లోని పోలీసు కారులో వైర్‌లెస్ పట్టుకుని ఉన్నాడు. ఎకసెక్కం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఒక్క ముక్క తిట్టినా నాకు హాయిగా ఉండేది.

"కారు ఎవరిదో కనుక్కున్నావా? నంబరెంత?" అన్నాడు.

నేను నా కారు నంబరు చెప్పాను.